సెవెరో మూతి కాలిన వైనం

ట్రంపెట్ వాయించే మనిషికి కాలు విరిగినా ఫర్వాలేదు, కుర్చీలో కూర్చుని వాయిస్తాడు. నడుం పట్టేసినా గోడకి ఆనుకుని వాయిస్తాడు. మూతి కాలితే మాత్రం వాడి పని అయిపోయినట్టే. ఈ సంగతి మా కంసాలి సందులో అందరికంటే బాగా తెలిసినవాడు సెవెరో. మెయ్‌కావాయన్‌లో ఏటా పునీతుడి ఊరేగింపు ముందు ట్రంపెట్ పట్టుకుని నడిచేది ఆయనే. అలాంటివాడు ఒక సోమవారం పొద్దున్నే పసింగ్ కిటికీ ముందు నిలబడి, కింది పెదవిని రెండు వేళ్లతో లాగి చూపించాడు. దాని మీద బఠాణీ గింజంత బొబ్బ.

"చూడు మారె, చూడు. నీ కాయిల్ చేసిన నిర్వాకం."

పసింగ్ కూతురికి బాప్తిస్మం నాడు జ్ఞానతండ్రిగా నిలబడింది సెవెరో. ఆ వరసన ఆయన ఆమెని మారె అంటాడు, ఆమె ఆయన్ని పారె అంటుంది. తిట్టుకునేటప్పుడు కూడా ఆ పిలుపులు మానరు.

పసింగ్ కంసాలి భూతద్దం కంటికి తగిలించుకుని, ఉంగరంలో రాయిని చూసినట్టు ఆ బొబ్బని చూసింది.

"ఇది నా కాయిల్ పనో, పొద్దున వేడి వేడి జావ జుర్రిన పనో ఎవరికి తెలుసు?"

"జావకి నా మూతి పుట్టినప్పట్నుంచీ అలవాటే. నిన్న టినోంగ్ మంగలి కొట్టు వెనక కూర్చున్నాం కదా, అక్కడ కాలింది. వేప్ గొట్టం నోట్లో పెట్టుకుంటే చుర్రుమంది."

"ఎన్ని దమ్ములు లాగావేంటి?"

"ఒక్కటే! వంతుకి ఒక్కటే. పునీతుడి మీద ఒట్టు."

"పండగ ముందర ఆయన మీద ఒట్లు పెట్టకు, నీ పాట వినాల్సింది ఆయనే."

సెవెరో నవ్వబోయాడు, బొబ్బ నవ్వనివ్వలేదు. పండగకి నెల్లాళ్లు కూడా లేదు. పునీతుడి పల్లకీ గుడి మెట్లు దిగేటప్పుడు తక్కిన వాయిద్యాలన్నీ ఆగిపోయి ట్రంపెట్ ఒక్కటే పలకాలి. అది సెవెరో వాయించకపోతే, ఎప్పుడెప్పుడా అని కాచుకుని ఉన్న పక్కపేట కుర్రాడు వాయిస్తాడు. ఒకసారి చేతులు మారిన పాట మళ్లీ వెనక్కి రాదు.

వెళ్తూ వెళ్తూ సెవెరో ఒక మాట అన్నాడు. మనసులో ఏమీ పెట్టుకుని అన్నది కాదు పాపం.

"దమాసో చుట్టిన కాయిల్ ఒక్కసారి కూడా నన్ను కాల్చలేదు మారె."

బొబ్బ పెదవి మీద వచ్చింది ఆయనకి, మంట పుట్టింది మాత్రం పసింగ్‌కి.

దమాసో ఆమె మొగుడు, మంచి పేరున్న కంసాలి. పసింగ్ కాపురానికొచ్చిన కొత్తలోనే చిల్లుల పలకలోంచి బంగారు తీగ సన్నగా లాగడం, దాన్ని మెలిపెట్టి గొలుసు అల్లడం నేర్చుకుంది. తర్వాత జనం పెద్ద అంగళ్లలో అద్దాల వెనక మెరిసే నగలు కొనుక్కోవడం మొదలుపెట్టారు, కంసాలి సందు చల్లబడింది. అప్పుడే పొగాకు బదులు ఆవిరి పీల్చే వేప్ పిచ్చి పట్టిన కుర్రాళ్లు ఒక్కొక్కరే ఇత్తడి గొట్టాలు పట్టుకుని వచ్చారు. గొట్టంలో బ్యాటరీ, దాని మీద అటామైజర్ అనే చిన్న గిన్నె. గిన్నెలో తీగచుట్ట, చుట్టలో దూది, దూదిలో రసం. తీగ వేడెక్కితే రసం ఆవిరవుతుంది. ఆ తీగచుట్టనే కాయిల్ అంటారు. అంగట్లో దొరికేది వీళ్లకి ఆనదు, చేత్తో చుట్టింది కావాలి. లావు తీగ మీద వెంట్రుకంత సన్న తీగ వరస తప్పకుండా చుట్టాలి. బంగారం చుట్టిన చేతులకి ఇదొక లెక్కా? మొగుడూ పెళ్లాలిద్దరూ ఎదురెదురుగా కూర్చుని చుట్టేవాళ్లు. పేరు మాత్రం దమాసోకే వచ్చింది, ఎందుకంటే కిటికీ దగ్గర కూర్చుని మాట్లాడేది ఆయన.

మాట్లాడటమంటే అలా ఇలా కాదు. దమాసో చెయ్యి ఎంత చురుకో నోరు అంత నిదానం. వాన వచ్చేలా ఉందని చెప్పడానికి పోయినేడాది తుఫానుతో మొదలుపెట్టేవాడు. తుఫానులో ఎగిరిపోయిన రేకు ఎవరిదో, ఆ రేకు కొన్నప్పుడు బేరం ఎలా జరిగిందో చెప్పేలోపు ఎదుటివాడు తడిసి ముద్దయ్యేవాడు. "త్వరగా తెమల్చవయ్యా," అని పసింగ్ రోజుకి పదిసార్లు కసిరేది. కిందటేడు ఒక మధ్యాహ్నం భోంచేసి, మంచినీళ్లు తాగి, పడుకుని లేవలేదు. ఆయన జీవితంలో త్వరగా చేసిన పని అదొక్కటే.

అప్పట్నుంచీ పసింగ్ మా ఊరి ఆచారం ప్రకారం ఏడాది సంతాపానికి రవికె మీద నల్ల పిన్ను పెట్టుకుని, కిటికీ దగ్గర ఆయన స్టూలు మీద కూర్చుని కాయిళ్లు చుడుతోంది. నోరు ఆయనది కాదు, తనది. తనది కొడవలి.

ఆ కిటికీ దగ్గర ఆమె పెట్టిన చట్టాలు ఊరందరికీ తెలుసు. బ్యాటరీ చొక్కా, అంటే దాని చుట్టూ ఉండే పల్చటి ప్లాస్టిక్ తొడుగు, గోరంత చిరిగినా లాక్కుని డబ్బాలో పడేస్తుంది, మళ్లీ ఇవ్వదు. "చొక్కా చిరిగిన బ్యాటరీ, తాళం లేని తలుపూ ఒకటేరా," అంటుంది. కాయిల్ బిగించాక మీటరు మీద పెట్టి అంకె చూడనిదే గొట్టం చేతికివ్వదు. అంకె మరీ తక్కువుంటే బ్యాటరీ మోయలేనంత కరెంటు లాగుతుందని విప్పి మళ్లీ చుడుతుంది. గొట్టం కింద గాలిచిల్లులు పూడుకుపోయుంటే, "లోపల బ్యాటరీ ఆవిరి కక్కితే ఎటు పోవాలిరా, నీ ముక్కులోకా?" అని అడుగుతుంది. గొట్టం జేబులో వేసుకునేవాడు మీటకి తాళం తిప్పకపోతే వాడి తల్లికి కబురు పంపుతుంది.

ఇంత చాదస్తం దేనికని ఎవరైనా అడిగితే కులాస్ ప్యాంటు కథ చెబుతుంది. కులాస్ మా సందులో ట్రైసికిల్ నడుపుతాడు. చిల్లర కోసం ఎప్పుడూ జేబు నిండా నాణేలే. ఒకరోజు అదే జేబులో విడి బ్యాటరీ వేసుకుని బండెక్కాడు. గతుకుల్లో నాణేలు బ్యాటరీ రెండు కొసలకీ ముద్దులు పెట్టాయి. ప్యాంటులోంచి పొగ లేచింది. వెనక కూర్చున్న టీచరమ్మ ఇంజను కాలుతోందని అరిస్తే, "ఇంజను కాదమ్మా, నేనే!" అంటూ బండి వదిలేసి పక్కనున్న చేపల చెరువులో దూకాడు. తొడ మీద ఇప్పటికీ పెసో నాణెమంత మచ్చ ఉంది. అడక్కపోయినా చూపిస్తాడు.

ఇన్ని చట్టాలు పెట్టిన మనిషి చేతి కింద నుంచి వెళ్లిన గొట్టం స్నేహితుడి మూతి కాల్చిందంటే ఆమెకి ముద్ద దిగలేదు. సెవెరో గొట్టాన్ని విప్పి, చేపని శుభ్రం చేసినట్టు ముక్క ముక్కా కడిగింది. స్క్రూలు వదులేమో చూసింది, గట్టిగానే ఉన్నాయి. కాయిల్ కాళ్లు ఎక్కడైనా గిన్నె అంచుకి తగులుతున్నాయేమో చూసింది, తగలడం లేదు. మీట నొక్కితే కాయిల్ మధ్యలోంచి అంచులకి సమంగా ఎర్రబడింది, ఒక పక్కే మండటం లేదు. దూది ఎక్కువై రసం ఆగిపోతోందేమోనని కొంచెం పీకింది. అయినా నమ్మకం చాలక పాత కాయిల్ తీసేసి కొత్తది చుట్టి, మీటరు మీద పెట్టి, రసం పోసి, తనే ఒక దమ్ము లాగి నోట్లోనే తిప్పి వదిలింది. మూత తీసి కాయిల్ చూసింది, మూత పెట్టి మళ్లీ ఒక దమ్ము లాగింది. గోరువెచ్చన, అంతే.

ఒక్కచోట మాత్రం అనుమానం. గొట్టం కొసన నోట్లో పెట్టుకునే మూతిముక్క వెండిది. దమాసో సెవెరో కోసం ట్రంపెట్ మూతిలాగే మలిచి, పుట్టినరోజుకి ఇచ్చాడు. వెండికి వేడి ఇట్టే పాకుతుంది.

"ఇది తీసేసి ప్లాస్టిక్ ముక్క పెడతా పారె."

"ఆ పని చెయ్యి, నా మూతి కూడా తీసేసి ప్లాస్టిక్‌ది పెట్టు. మా దమాసో చేతి వెండి అది. వాడున్నప్పుడూ ఇదేగా ఉంది! కాలిందా ఎప్పుడైనా?"

గొట్టం ఇచ్చి పంపింది.

మళ్లీ సోమవారం సెవెరో వచ్చాడు. ఈసారి పెదవి చూపించలేదు, అరచెయ్యి అడ్డం పెట్టుకుని వచ్చాడు.

"తియ్యి చెయ్యి."

తీశాడు. పాత బొబ్బ పక్కన కొత్తది.

"కాలుతోందని తెలిసి మళ్లీ ఎందుకు పెట్టుకున్నావయ్యా నోట్లో?"

"వంతొచ్చింది మారె. వంతొస్తే వద్దంటానా?"

ఇది విని మా ఊళ్లో ఎవరూ నవ్వరు. నలుగురూ కూర్చుని ఒకే గ్లాసు తిప్పుకుని తాగేటప్పుడు తన దగ్గరికొచ్చిన గ్లాసుని కాదన్నవాడు, ఆ నలుగురినీ కాదన్నట్టే. గ్లాసుకున్న మర్యాదే గొట్టానికీ వచ్చింది.

ఈలోపు ఈ కబురు సందంతా పాకింది. "చెయ్యి మారింది కదా, రుచి మారదా," అన్నారు కొందరు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు వెండిని తప్పుపడుతోందన్నారు ఇంకొందరు. టినోంగ్ మంగలి మంచివాడే కానీ కత్తెరా నోరూ ఒక్కలాగే ఆగవు. "ఆతే, నీ తప్పేం లేదులే. దమాసో చెయ్యంటే దమాసో చెయ్యే," అని ఓదార్చాడు. అక్కగా చూసుకుని చెప్పిన మాటే, కానీ ఆ ఓదార్పుకంటే తిట్టే నయం.

ఆ పగలంతా పసింగ్ ఏమీ చుట్టలేదు. ఇన్నేళ్లూ ఎదురెదురుగా కూర్చుని చేసిన పనిలో తన చేతికి తెలియనిది ఆయన చేతికి ఏం తెలుసు? తీగ ఒకటే, పట్టకారు ఒకటే. ఒకవేళ నిజంగానే ఏదో ఉందేమో, చెప్పడం మొదలుపెట్టి ఉంటాడేమో, త్వరగా తెమల్చమని తనే కసిరి ఉంటుందేమో అనిపించింది.

అల్మరాలో అగ్గిపెట్టె ఒకటుంది. అందులో దమాసో చివరగా చుట్టిన కాయిల్. ఆయన పోయిన రోజు పొద్దున చుట్టినది, పసింగ్ ఎవరికీ ఇవ్వకుండా దాచుకుంది. దాన్ని తీసి అరచేతిలో పెట్టుకుని చూసింది. సెవెరోని పిలిచి, ఆయన ఎదురుగానే గొట్టంలో బిగించింది.

"ఇది వాడిదా?" సెవెరో గొంతు తగ్గింది. "వద్దు మారె. దాచుకో."

"తీసుకెళ్లు. ఇది కాల్చకపోతే తప్పు నా చేతిదే. ఈ కిటికీ మూసేసి, తోలు సంచుల కార్ఖానాలో కుట్టుపనికి పోతా. చేతకాని పని చేసి జనం మూతులు కాల్చను."

సెవెరో గొట్టం తీసుకుని వెళ్లిపోయాడు.

ఆ వారమంతా ఆమె కిటికీ తెరిచే ఉంచింది కానీ మనసు కార్ఖానాలో ఉంది. సోమవారం సెవెరో వచ్చాడు. కిటికీ ముందు నిలబడి టోపీ తీసి చేత్తో నలిపాడు.

"మారె, తిట్టకు."

"చెప్పు."

"ఇది కూడా కాల్చింది."

పసింగ్‌కి ముందు పట్టరాని సంతోషం కలిగింది. తన చేతిలో లోపం లేదు! మరుక్షణం దమాసో చివరి కాయిల్ దండగకి మాడిపోయిందని తెలిసొచ్చింది. నవ్వాలో ఏడవాలో తెలియక, "నీ మూతి ఇనప మూతైనా బాగుండేది," అని సెవెరోని తిట్టింది. ఆయన ఓపిగ్గా పడ్డాడు.

తప్పు తనది కాదు, దమాసోదీ కాదు. వెండి పాతదే. మరేమిటి? నిప్పు లేనిదే పొగ రాదంటారు, ఇక్కడ పొగ కోసమే నిప్పు పెడుతున్నారు కాబట్టి ఆ సామెత కూడా పనికిరాలేదు. తన దగ్గర గోరువెచ్చగా ఉన్న గొట్టం వాళ్ల దగ్గరికి వెళ్లేసరికి ఎందుకు కాలుతోంది? అది కిటికీ దగ్గర కూర్చుంటే తేలే సంగతి కాదు.

ఆదివారం మధ్యాహ్నం వెల్లుల్లి వేసి వేయించిన వేరుశెనగలు గిన్నెలో పోసుకుని టినోంగ్ కొట్టు వెనక్కి వెళ్లింది. రేకుల పంచ కింద ఎప్పటిలాగే ముగ్గురూ ఉన్నారు. మామూలుగా ఆడవాళ్లు నంజుకునేవి పెట్టేసి వెళ్లిపోతారు. పసింగ్ స్టూలు లాక్కుని కూర్చుంది.

"ఏంటి ఆతే, నువ్వూ పోటీకా?" అన్నాడు కులాస్.

"మీ పని మీరు చేసుకోండి. నేను లేననుకోండి."

"నిన్ను లేవనుకోవడం ఎవరివల్ల అవుతుంది?"

జిన్ను సీసా టినోంగ్ చేతిలో ఉంది. పూర్వం పొయ్యడం దమాసో పని. ఆయన పోయాక నెలల తరబడి ఆగిపోయిన ఈ కూర్చోవడం ఈమధ్యే మళ్లీ మొదలైంది, ఇప్పుడు టినోంగ్ పోస్తున్నాడు. గుండు చేసినంత వేగంగా పోస్తాడు మనిషి. గ్లాసు సెవెరోకి వెళ్లింది, దాని వెనకే గొట్టం వెళ్లింది. సెవెరో తాగి, బొబ్బలు తగలకుండా మూతి పక్కకి తిప్పుకుని ఓ దమ్ము లాగి కులాస్‌కి ఇచ్చాడు. కులాస్ లాగి టినోంగ్‌కి, టినోంగ్ లాగి మళ్లీ సెవెరోకి. మాటలు సగంలో ఉండగానే గ్లాసు తిరుగుతోంది, గ్లాసుని గొట్టం తరుముతోంది. కాసేపు చూసిన పసింగ్ చటుక్కున గొట్టం లాక్కుంది.

"అబ్బా!" అని ఒళ్లో పడేసుకుంది. ఇత్తడి గిన్నె సలసలా కాలుతోంది. "ఎన్నెన్ని లాగుతున్నార్రా?"

"ఒక్కొక్కటే ఆతే! నువ్వే చూశావుగా," అన్నాడు కులాస్.

"నువ్వొక్కటే. వీడొక్కటే. పారె ఒక్కటే. తిలాపాపం తలా పిడికెడు. ఒరేయ్ కులాస్, నీ బండెక్కినవాడు దిగి ఇంటికెళ్లి పడుకుంటాడు, వెంటనే ఇంకొకడు ఎక్కుతాడు. మరి నీ ఇంజను ఎప్పుడు పడుకోవాలి?"

"ఇంజను వేడెక్కితే నేను కాఫీకి ఆపుతానుగా."

"మరి దీనికి కాఫీ ఎవరిచ్చారు?"

ముగ్గురూ గొట్టం వంక చూశారు.

"కాయిల్ వేడెక్కడం తప్పు కాదురా, అది దాని ఉద్యోగం. వేడిలో కొంత రసాన్ని ఆవిరి చేసి మీ నోట్లోకి పోతుంది. మిగిలింది కాయిల్ కాళ్లలోంచి దిగి ఇత్తడిలో కూర్చుంటుంది. ఇత్తడి వెండికిస్తుంది, వెండి మూతికిస్తుంది. ట్రంపెట్ ఒత్తిడికి పల్చబడ్డ పెదవి కాబట్టి పారెకి ముందు బొబ్బలెక్కాయి. మధ్యలో కాస్త ఆగితే ఆ వేడి గాలికి పోతుంది. మీరు ఆగనివ్వరు. దూది మళ్లీ తడిసేలోపే ఇంకొకడు మీట నొక్కుతాడు. తడి లేని దూది మీద నొక్కితే పోయేది మూతి ఒక్కటే కాదు, దూదే మాడుతుంది. లోపల ప్లాస్టిక్ రింగు కరిగితే ఇత్తడికి ఇత్తడి తగిలి బ్యాటరీ మీదకొస్తుంది. అప్పుడు కులాస్ ప్యాంటు మనకి చిన్న కథ."

కులాస్ తొడ తడుముకున్నాడు.

"కానీ మారె," అన్నాడు సెవెరో, "దమాసో ఉన్నప్పుడూ ఇలాగేగా తిప్పేవాళ్లం. ఇదే గ్లాసు, ఇదే గొట్టం."

"సరిగ్గా ఇలాగేనా?"

"ఇలాగే. కాకపోతే..." సెవెరో ఆగాడు. "కాకపోతే వాడి దగ్గరికెళ్తే ఆగిపోయేది. ఓ చేత్తో గ్లాసు, ఓ చేత్తో గొట్టం పట్టుకుని కోడి కథ మొదలుపెట్టేవాడు. తాగేవాడు కాదు, ఇచ్చేవాడు కాదు."

"నేను లేచెళ్లి ఓ గడ్డం గీసి వచ్చేవాణ్ణి," అన్నాడు టినోంగ్. "వచ్చేసరికి కోడి ఇంకా గోడ మీదే ఉండేది."

"ఒరేయ్ దమాసో, ముందు గ్లాసు వదలరా, తర్వాత కోడిని వదులుదువు గానీ అని అరిచేవాళ్లం," అన్నాడు కులాస్.

ముగ్గురూ పగలబడి నవ్వారు. నవ్వుతూ నవ్వుతూ ఒక్కొక్కరే ఆగిపోయారు. అప్పటికి వాళ్లకీ అర్థమైంది.

కాలకుండా కాపాడింది ఆయన చుట్టిన తీగ కాదు, ఆయన సాగదీసిన మాట. ఏ నత్తనడక మాటకి పసింగ్ పాతికేళ్లు విసుక్కుందో ఆ మాటే ఇన్నాళ్లూ వీళ్ల మూతుల్ని కాచింది. ఆమెకి ఏడుపొచ్చింది. దాచుకోలేదు, పమిట లేదు కాబట్టి టినోంగ్ గడ్డం తుడిచే తువ్వాలు లాక్కుని కళ్లొత్తుకుంది.

"అది సబ్బుది ఆతే," అన్నాడు టినోంగ్ మెల్లగా.

"తెలుస్తూనే ఉంది," అంది కళ్లు నులుముకుంటూ.

ఆ పూటే కొత్త చట్టం వచ్చింది. గొట్టం ఒక చుట్టు తిరిగాక బల్ల మీద దమాసో కూర్చునే చోట పెట్టాలి. అది దమాసో వంతు. చేతి వెనక పక్క ఆనించి చూస్తే చల్లగా తగిలేదాకా ఎవరూ ముట్టుకోకూడదు. దూది ఎండిపోతే రసం పొయ్యాలి, మాడు వాసనొస్తే ఆపి తన దగ్గరికి తేవాలి. సెవెరో మాత్రం పండగ దాటేదాకా గొట్టం జోలికీ, గ్లాసు జోలికీ వెళ్లకూడదు.

"వంతొస్తే?" అన్నాడు సెవెరో దీనంగా.

"నీ వంతు నేను కాస్తా కూయా," అని అన్న వరసన పిలిచి అన్నాడు కులాస్ వెంటనే. మన బదులు ఇంకొకరు తాగితే మర్యాదకి లోటు లేదు, కులాస్‌కి అసలే లేదు.

పసింగ్ రోజూ పొద్దున సెవెరోని కిటికీ దగ్గరికి పిలిచి, భూతద్దంతో పెదవి చూసి కొబ్బరినూనె రాసి పంపింది. బొబ్బలు ఎండాయి, పొట్టు రాలింది. పండగనాడు పల్లకీ గుడి మెట్ల మీదికి రాగానే వాయిద్యాలన్నీ ఆగాయి. సెవెరో ట్రంపెట్ ఎత్తాడు. జనంలో నిలబడ్డ పసింగ్ పునీతుణ్ణి చూడలేదు, సెవెరో కింది పెదవినే చూసింది. మొదటి స్వరం కాస్త వణికింది. తర్వాతది నిలబడింది, ఆ తర్వాత ఇంకెక్కడా ఆగలేదు. పక్కపేట కుర్రాడు కూడా టోపీ తీశాడు. "ఊది ఊది కళ్లు తిరిగాయి మారె," అని సెవెరో తర్వాత చెప్పుకున్నాడు గానీ, తిరిగింది కళ్లు కాదు, కళ్లలో నీళ్లు.

పండగ వెళ్లిన వారానికే దమాసో పోయి ఏడాది పూర్తయింది. ప్రార్థన చేయించి, పసింగ్ రవికె మీది నల్ల పిన్ను తీసేసింది. పారెయ్యలేదు. దూది సర్దడానికి అంత సన్నటి మొన మళ్లీ దొరకదని పట్టకారు పక్కన పెట్టుకుంది. ఆ ఆదివారం టినోంగ్ కొట్టు వెనక నుంచి సెవెరో కేక వినబడింది.

"మారె! వాడి వంతొచ్చింది, రా!"

వెళ్లి కూర్చుంది. గొట్టం దమాసో చోట బల్ల మీద ఉంది. ముగ్గురూ దాన్నే చూస్తూ, ఏం మాట్లాడుకోవాలో తెలియక వేరుశెనగలు నములుతున్నారు.

"ఊరికే కూర్చుంటే ఇది చల్లారేలా లేదు," అన్నాడు కులాస్. "కోడి కథ చెప్పు ఆతే."

"నాకు ఆ కథంటే ఒళ్లు మంట."

"మాకూ మంటే. చెప్పు."

చెప్పింది. కపితాన్ అనే కోడిని దమాసో కుర్రతనంలో ఎలా పెంచాడో, దానికి తన అన్నం ఎలా పెట్టాడో, కాలికి కత్తి కట్టే వేళకి అది బరి దాటి ఎలా ఎగిరిపోయిందో చెప్పింది. అది ఫాదర్ గారి పెరటి గోడ మీద వాలింది. దమాసో గోడెక్కాడు. కోడి అటు దూకింది. అదే సమయానికి ఫాదర్ గారు చేతిలో గిన్నెతో వంటింటి తలుపు తీశారు. అక్కడ పసింగ్ ఆగింది.

"ఊఁ, తర్వాత?" అన్నాడు సెవెరో. "ఇన్నేళ్లూ ఇక్కడే గ్లాసు లాక్కునేవాళ్లం. కోడి ఏమైంది? కూరయిందా, వెనక్కొచ్చిందా?"

పసింగ్ నోరు తెరిచింది. తర్వాత ముక్క కోసం మనసులో వెతికింది. భోజనాల దగ్గర, పట్టకారు పట్టుకుని, మంచం మీద, ఎన్నిసార్లు మొదలుపెట్టాడో లెక్క లేదు. ప్రతిసారీ ఆ వంటింటి తలుపు దగ్గరికొచ్చేసరికి, త్వరగా తెమల్చవయ్యా అని తనే లేచి వెళ్లిపోయింది.

"తెలీదు పారె," అంది. "ఒక్కసారి కూడా చివరిదాకా విననే లేదు నేను."

రేకుల మీద గాలికి ఎండుటాకులు జరుగుతున్నాయి. చాలాసేపటికి సెవెరో చెయ్యి చాపి, ఆమె నేర్పినట్టే చేతి వెనక పక్క గొట్టానికి ఆనించాడు.

"చల్లబడింది మారె," అన్నాడు.

ఎవరూ దాన్ని తీసుకోలేదు.